పుదుచ్చేరి ముట్టడిలో ఒక ముసలమ్మ: 'కొలేటరల్ డ్యామేజి' అనే మాట దాచేదేమిటి?

1748లో బ్రిటిష్ నౌకాదళం పుదుచ్చేరిని ముట్టడించింది. అడ్మిరల్ ఎడ్వర్డ్ బోస్కవెన్ దాని నాయకుడు. కోటలోపల ఫ్రెంచి గవర్నర్ డూప్లే. తీరం దగ్గర నీటిలోతు తక్కువ కావడంతో పెద్ద యుద్ధనౌకలు కోటకు చేరువ కాలేకపోయాయి. దూరం నుంచే ఫిరంగులు పేల్చాయి. కోటకు చెప్పుకోదగిన నష్టమేమీ జరగలేదు. ఆ కాల్పుల ఫలితాన్ని తరువాతి ఆంగ్ల చరిత్రకారులు ఒక్క ముక్కలో తేల్చేశారు: వీధిలో ఒక పేద 'మలబారు' ముసలమ్మ చనిపోయింది, అంతే.

మలబారు అంటే ఇక్కడ కేరళ తీరం కాదు. ఆనాటి ఐరోపా వాళ్లు తమిళులను పిలిచిన పేరు అది. ఆ ముసలమ్మ ఎవరో, ఏ వాడలో ఉండేదో, ఏ పని మీద వీధిలోకి వచ్చిందో ఎవరూ రాయలేదు. ఆమె చరిత్రలోకి వచ్చింది కూడా ఆమె కోసం కాదు. బ్రిటిష్ నౌకాదళ ప్రయత్నం ఎంత నిష్ఫలమైందో చెప్పడానికి ఆమె మరణం ఒక కొలమానంగా ఉపయోగపడింది. ఇంత మందుగుండు ఖర్చు చేసి సాధించింది ఇంతేనా అన్న ఎత్తిపొడుపులో ఆమె ఒక అంకె.

ఇందులో మరొక విషాదం కూడా ఉంది. ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య ఆ యుద్ధాన్ని ముగించే ప్రాథమిక ఒప్పందంపై ఐరోపాలో 1748 ఏప్రిల్ 30నే సంతకాలయ్యాయి. ముట్టడి జరిగింది ఆ తరువాత, ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య. రాజుల మధ్య రాజీ కుదిరిన సంగతి సముద్రాలు దాటి కోరమండల్ తీరానికి చేరేలోగా ముసలమ్మ ప్రాణం పోయింది. వెయ్యికి పైగా ఐరోపా సైనికులను, నావికులను పోగొట్టుకుని బోస్కవెన్ వెనుదిరిగాడు. వారిలో అత్యధికులు రోగాలతో పోయినవాళ్లే.

ఇటువంటి మరణానికి ఇవాళ్టి యుద్ధ పరిభాషలో ఒక పేరుంది: కొలేటరల్ డ్యామేజి. టీవీ చర్చలలో, సైనికాధికారుల ప్రకటనలలో, చివరకు ఆర్థిక విధానాలపై రాసే వ్యాసాలలో సైతం ఈ మాట వినబడుతోంది. దాని అర్థం నిఘంటువులో చూస్తే సులభంగానే దొరుకుతుంది. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు వాడుతున్నారన్నది మాత్రం నిఘంటువు చెప్పదు. అందుకు పుదుచ్చేరి చరిత్ర బాగా పనికొస్తుంది.

మాట పుట్టుక

కొలేటరల్ అన్న మాటకు మూలం లాటిన్‌లో ఉంది. పక్క, పార్శ్వం అన్నది ధాతువు అర్థం. బ్యాంకు అప్పు తీసుకున్న ప్రతివారికీ ఇది పరిచయమైన మాటే. అసలు అప్పుకు పక్కన పెట్టే హామీని కొలేటరల్ అంటారు. యుద్ధంలో దాని అర్థం కూడా ఆ దారిలోనే వచ్చింది. గురి పెట్టిన లక్ష్యానికి కాక, దాని పక్కనున్న మనుషులకూ ఇళ్లకూ కలిగే నష్టం. అమెరికా సైనిక నిర్వచనాల సారాంశం కూడా ఇదే: శత్రు బలగాలపై జరిపే చర్య వల్ల ఉద్దేశించకుండా, యాదృచ్ఛికంగా ఇతరులకు కలిగే నష్టం.

ఈ మాట తొలి వాడుకలలో ఒకటిగా 1961లో అమెరికన్ ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ రాసిన వ్యాసాన్ని పేర్కొంటారు. ఆయనకు ఆ తరువాత 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వ్యాసం రాసేనాటికి అగ్రరాజ్యాల ముందున్న ప్రశ్న అణుయుద్ధం. క్షిపణి స్థావరాలను కొడితే పక్కనున్న నగరాలేమవుతాయన్నది ఆనాటి లెక్క. అంటే ఈ మాట యుద్ధభూమిలో శవాలను చూసినవారి నోట పుట్టలేదు. ఇంకా జరగని యుద్ధంలో ఇంకా చావని మనుషులను కాగితం మీద లెక్కగట్టే గదులలో పెరిగింది. జరగబోయే నష్టాన్ని ముందుగానే అంచనా వేయడానికి వాడుకలోకి వచ్చిన మాట, తరువాతి కాలంలో జరిగిపోయిన నష్టాన్ని ఎవరూ అనుకోనిదిగా చూపడానికి ఉపయోగపడింది. ఈ మలుపును గుర్తుపెట్టుకోవాలి.

దీని వెనుక ఉన్న నైతిక తర్కం మాత్రం చాలా పాతది. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ ఆత్మరక్షణ గురించి చర్చిస్తూ, ఒకే చర్యకు రెండు ఫలితాలుండవచ్చునన్నాడు. ఒకటి కోరుకున్నది, రెండవది కోరుకోనిది. కోరుకోని ఫలితాన్ని బట్టి చర్యకు నైతిక విలువ కట్టరాదన్నది ఆ వాదన. ఆయనే ఒక షరతు కూడా పెట్టాడు. ఆత్మరక్షణకు కావలసినదానికి మించి బలం వాడితే అది తప్పే అవుతుంది. ఆధునిక సైన్యాలు మొదటి భాగాన్ని బాగా వంటబట్టించుకున్నాయి. రెండవ భాగం తరచుగా జారిపోతుంది.

1991 గల్ఫ్ యుద్ధంతో ఈ మాట ప్రపంచమంతటా ఇళ్లలోకి చేరింది. ఆ ఏడాది ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా ఆశ్రయ స్థలంపై అమెరికా బాంబులు పడి 400 మందికి పైగా పౌరులు చనిపోయారు. అదే యుద్ధంలో పనిచేసిన తిమోతీ మెక్‌వే అనే సైనికుడు 1995లో ఒక్లహామా నగరంలో ప్రభుత్వ భవనాన్ని పేల్చి 168 మందిని చంపాడు. వారిలో 19 మంది పిల్లలు. ఆ పిల్లల మరణాన్ని అతడు కొలేటరల్ డ్యామేజి అన్నాడు. రాజ్యం వాడిన మాటను రాజ్యం మీదే తిరగేశాడు. సైన్యం నోట సాంకేతిక పదంగా వినిపించినది హంతకుడి నోట అసహ్యంగా ధ్వనించిందంటే, మాటలో ఉన్న లోపం అప్పుడు బయటపడిందనే అర్థం. 1999లో కొసావో యుద్ధ సమయంలో నాటో ప్రతినిధులు ఈ మాటను పదేపదే వల్లించగా, జర్మనీలో భాషావేత్తల బృందం దాన్ని ఆ ఏటి 'చెడ్డమాట'గా ఎంపిక చేసింది.

కోటకూ శిబిరానికీ మధ్య ఎనిమిది రోజులు

ముసలమ్మ చనిపోయిన 12 ఏళ్లకు పుదుచ్చేరి మరో ముట్టడిని చూసింది. 1760 జనవరి 22న వందవాసి యుద్ధంలో ఐర్ కూట్ నాయకత్వంలోని ఆంగ్లేయులు ఫ్రెంచి సేనాని లాలీని ఓడించారు. ఆ ఏడాది చివరికి పుదుచ్చేరి చుట్టూ ఉచ్చు బిగిసింది. సముద్రం వైపు నౌకలు, నేల వైపు సైన్యం. కోటలో తిండిగింజలు తరిగిపోసాగాయి.

నవంబరు చివరి వారంలో లాలీ ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఐరోపావారి ఇళ్లలో పనిచేసే కొద్దిమంది నౌకర్లు మినహా, నగరంలో మిగిలి ఉన్న స్థానికులందరినీ బయటకు వెళ్లగొట్టించాడు. ఆనాటి కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన దాని ప్రకారం వాళ్లు 1,400 మంది. ఆడవాళ్లు, పిల్లలు, వృద్ధులు అందులో ఉన్నారు. ఉన్న కాస్త తిండి సైనికులకు మిగలాలన్నది లాలీ లెక్క.

బయటకు వచ్చినవారిని ఆంగ్ల సైన్యం దాటనివ్వలేదు. తిరిగి కోటలోకి వెళితే అక్కడి నోళ్లు పెరుగుతాయి, గింజలు త్వరగా అయిపోతాయి, కోట త్వరగా లొంగుతుంది. అది కూట్ లెక్క. వెనక్కి వెళ్లిన వాళ్లపై కోట నుంచి కాల్పులు జరిగాయి. కోటకూ శిబిరానికీ మధ్య ఖాళీ నేలలో వాళ్లు ఎనిమిది రోజులు ఉండిపోయారు. గడ్డివేళ్లు తవ్వుకు తిన్నారని ఓర్మ్ రాశాడు. చివరకు కూట్ మనసు మార్చుకుని వాళ్లకు దారి ఇచ్చాడు.

ముసలమ్మ మరణాన్నీ, ఈ ఎనిమిది రోజులనూ ఒకే మాటతో పిలవవచ్చునా? ఆమెకు తగిలిన గుండు ఆమెకు గురిపెట్టినది కాదు. జనావాసమున్న నగరం మీద పేల్చారు కాబట్టి పేల్చినవాడికి బాధ్యత లేదనలేము. అయినా అక్కడ గురితప్పడమన్నది నిజంగానే జరిగింది. 1,400 మంది విషయంలో గురితప్పినది ఏదీ లేదు. లాలీకి వాళ్ల చావుతో పనిలేదు. అతనికి కావలసింది తిండి. కూట్‌కీ వాళ్ల మీద పగ లేదు. అతనికి కావలసింది కోట. వాళ్ల బాధ ఇద్దరికీ ఉద్దేశం కాదు. ఆ బాధ ఇద్దరికీ తెలుసు, ఇద్దరి కళ్ల ముందే ఎనిమిది రోజులు సాగింది, ఇద్దరి పథకాలలోనూ అది ఒక పనిముట్టు.

ఉద్దేశించనిది వేరు, ఊహించనిది వేరు. కొలేటరల్ డ్యామేజి అనే మాట చేసే అసలు పని ఈ రెంటి మధ్య గీతను చెరిపేయడం. మొదటిదాన్ని చెప్పి రెండవదాన్ని నమ్మిస్తుంది. 'మేము కోరుకోలేదు' అన్నది వినేవాడి చెవికి చేరేసరికి 'మాకు తెలియదు' అవుతుంది.

చట్టం పట్టుకున్న దారి

కూట్ చివరకు దారి ఇవ్వడం దయ. చట్టం అతన్ని నిర్బంధించలేదు. ఆ తరువాత దాదాపు రెండు శతాబ్దాలైనా పరిస్థితి మారలేదనడానికి నూరెంబర్గ్‌లో ఒక రుజువుంది. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో నగరం నుంచి బయటపడే పౌరులపై కాల్పులు జరిపి వెనక్కి తరమాలన్న ఉత్తర్వుపై జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఫాన్ లీబ్‌ను 1948లో అమెరికన్ సైనిక ట్రిబ్యునల్ విచారించింది. చట్టం మరోలా ఉంటే బాగుండునని న్యాయమూర్తులు విచారం వెలిబుచ్చారు. ఉన్న చట్టం ప్రకారం ఆ ఉత్తర్వు నేరం కాదని తేల్చారు. లొంగుబాటును త్వరపరచడానికి పౌరులను ముట్టడిలోకి తిప్పి పంపడం అప్పటికి సేనానికి ఉన్న హక్కే.

ఆ మరుసటి ఏడాదే, 1949లో, నాలుగవ జెనీవా ఒప్పందం కొంత మార్పు తెచ్చింది. ముట్టడిలో ఉన్న ప్రాంతాల నుంచి వృద్ధులను, పిల్లలను, రోగులను, గర్భిణులను బయటకు పంపేందుకు ఇరుపక్షాలూ స్థానికంగా ఒప్పందం చేసుకోవడానికి ప్రయత్నించాలన్నది. 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్ మరింత ముందుకెళ్లింది. పౌరులను ఆకలికి గురిచేయడాన్ని యుద్ధతంత్రంగా వాడరాదని నిషేధించింది. ఆశించే సైనిక ప్రయోజనంతో పోల్చితే పౌరులకు కలిగే యాదృచ్ఛిక నష్టం మితిమీరినదిగా ఉంటుందని తోచినప్పుడు అలాంటి దాడి చేయరాదన్నది.

ఈ ప్రోటోకాల్‌లో కొలేటరల్ డ్యామేజి అనే మాట లేదు. అక్కడ ఉన్నది పౌరుల ప్రాణనష్టం, పౌరులకు గాయాలు, పౌరుల ఆస్తులకు నష్టం. ఒక్కొక్కటి విడివిడిగా, దాని పేరుతో ఉంది. చట్టం అడిగేది కూడా ఉద్దేశం గురించి మాత్రమే కాదు. దాడికి ముందు ఏమి తెలుసు, ఏమి అంచనా వేశారు, తగ్గించడానికి ఏమి చేశారు అన్నవి దాని ప్రశ్నలు. 1949 ఒప్పందాలను ఆమోదించి 1960లో చట్టం కూడా చేసుకున్న భారతదేశం, 1977 ప్రోటోకాళ్లలో మాత్రం నేటికీ చేరలేదు. అమెరికా కూడా మొదటి ప్రోటోకాల్‌ను ఆమోదించలేదు.

పొగచాటున జరిగినవి

యుద్ధంలో జరిగిన నష్టమంతా యాదృచ్ఛికమేననడం కూడా పొరపాటు. 1748 ముట్టడి రోజులలోనే పుదుచ్చేరిలోని వేదపురీశ్వరుని ఆలయాన్ని ఫ్రెంచివారు కూల్చారు. దాన్ని తొలగించాలని పక్కనే చర్చి ఉన్న జెసూట్ ఫాదరీలు దశాబ్దాలుగా కోరుతున్నారు. శాంతికాలంలో జనాగ్రహానికి జంకి ఆగినది ముట్టడి గందరగోళంలో పూర్తయింది. ఆలయం మళ్లీ మరోచోట వెలిసింది.

1761 జనవరి 16న పుదుచ్చేరి లొంగిపోయింది. ఆ తరువాత ఆంగ్లేయులు కోటతోపాటు నగరాన్ని పునాదులదాకా పడగొట్టారు. అప్పటికి యుద్ధం ఆ నగరంలో ముగిసింది. అది దారితప్పిన గుండు పని కాదు. 1758లో లాలీ కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటను నేలమట్టం చేసినందుకు బదులు. 1763 పారిస్ ఒప్పందం ప్రకారం పుదుచ్చేరి తిరిగి ఫ్రెంచివారికి దక్కి, 1765 నుంచి పునర్నిర్మాణం మొదలైంది. ఇవాళ పర్యాటకులు ఫోటోలు తీసుకునే ఫ్రెంచి వాడ దాదాపు అంతా ఆ తరువాత కట్టినదే. ఓడిన లాలీని ఫ్రాన్సు 1766లో మరణశిక్షతో శిక్షించింది. అతనిపై మోపిన ద్రోహ నేరంలో పుదుచ్చేరిని పోగొట్టిన పాపం ఉంది. 1,400 మందిని నడినేలకు నెట్టినందుకు అతన్ని ఎవరూ శిక్షించలేదు.

ఈ సంగతులలో కొన్ని స్థానికుల కంటితో కూడా నమోదయ్యాయంటే ఒక మనిషి దినచర్య వల్ల. డూప్లే దుబాసీ ఆనంద రంగ పిళ్లై 1736 నుంచి తమిళంలో దినచర్య రాశాడు. ఆయన పేరు తెలుగువారికి కొత్త కాదు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆలయం కూల్చివేత నాటి జనం గుండెకోతను ఈ దినచర్య పట్టిస్తుంది. ఫ్రెంచి కంపెనీ కొలువులో ఉన్నవాడే, దాని నీడలో బాగుపడినవాడే. అయినా ఏ రోజు ఏమి జరిగిందో, ఎవరికి జరిగిందో రాసిపెట్టాడు. నగరం లొంగిపోయిన ఆ జనవరిలోనే ఆయన కన్నుమూశాడు. ఆయన ఇల్లు ఇప్పటికీ రంగపిళ్లై వీధిలో ఉంది.

ఇప్పటి లెక్కలు

స్వతంత్ర భారతంలో కొలేటరల్ డ్యామేజికి స్థానిక రూపాలు ఉన్నాయి. ఎదురుకాల్పులన్నది ఒకటి, పొరపాటున గుర్తించడమన్నది మరొకటి. 2012 జూన్ 28 రాత్రి ఛత్తీస్‌గఢ్‌లోని సర్కేగూడలో 17 మంది భద్రతా బలగాల కాల్పులలో చనిపోయారు. మొదట అది మావోయిస్టులతో ఎదురుకాల్పులుగా ప్రకటితమైంది. ఆ చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చినట్లు 2019లో బయటికొచ్చింది. ఏడేళ్లు పట్టింది.

2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ వద్ద బొగ్గు గని పని ముగించుకుని వాహనంలో ఇంటికి వెళుతున్న ఆరుగురు సైనికుల కాల్పులకు బలయ్యారు. ఆ తరువాతి ఘర్షణలతో కలిపి పౌర మృతుల సంఖ్య 14కు చేరింది. పొరపాటుగా గుర్తించడం వల్ల జరిగిందని కేంద్ర హోం మంత్రి లోక్‌సభలో ప్రకటించారు. రాష్ట్ర పోలీసులు 30 మంది సైనిక సిబ్బందిపై అభియోగాలు మోపారు. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం కింద విచారణకు కేంద్రం అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ ప్రొసీడింగులను ముగించింది. ఉద్దేశం లేదన్న మాట ఇక్కడ విచారణకు ఆరంభం కాలేదు, ముగింపు అయింది.

ఇప్పుడీ మాట యుద్ధాన్నీ దాటింది. 2020 మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధితో దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనప్పుడు వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచారు. దాన్ని మహమ్మారిపై పోరులో తప్పని కొలేటరల్ డ్యామేజిగా వర్ణించినవారున్నారు. ఆ కూలీలకు కీడు చేయాలని ఎవరూ అనుకోలేదన్నది నిజం కావచ్చు. రైళ్లు, బస్సులు, పని ఒకేసారి ఆగితే నగరాలలో రోజుకూలీ ఏం తింటాడన్నది ఊహకందని విషయమేమీ కాదు. ఆ ఏడాది సెప్టెంబరులో వలస కార్మికుల మరణాలపై పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడు, అలాంటి సమాచారం తమ వద్ద లేదని కార్మిక శాఖ జవాబిచ్చింది. 1760లో ముట్టడి వేసిన శత్రువుల చరిత్రకారుడు గడ్డివేళ్లు తిన్నవారి సంఖ్య రాసిపెట్టాడు. 2020లో సొంత ప్రభుత్వం దగ్గర ఆ సంఖ్య లేదు.

ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగిపోయినట్లని తెలుగులో పాత సామెత. ఆంగ్ల పదానికి పార్శ్వ నష్టమనీ, అనుషంగిక నష్టమనీ ఎన్ని అనువాదాలు చేసినా ఈ సామెతకు సాటిరావు. ఇందులో పోట్లాడినవి ఎవో ఉన్నాయి, నలిగినవి ఎవో ఉన్నాయి. ఆంబోతులకు దూడల మీద కోపముందని సామెత అనదు. అయినా వాటిని తప్పించదు. 'కొలేటరల్ డ్యామేజి'లో ఆంబోతూ లేదు, దూడా లేదు. జరిగిన నష్టం మాత్రమే ఉంది. అది కూడా పక్కన.

కాబట్టి ఈ మాట వినబడినప్పుడు పాఠకుడు వేయవలసిన ప్రశ్న 'కావాలని చేశారా?' అన్నది కాదు. దానికి జవాబు ఎప్పుడూ లేదనే వస్తుంది. లాలీని అడిగినా, కూట్‌ను అడిగినా అదే చెప్పి ఉండేవారు. ముందుగా ఏమి తెలుసు? తెలిసి ఏమి మానుకున్నారు? ఎంతమంది చనిపోయారు? వాళ్ల పేర్లేమిటి? ఈ నాలుగింటికీ జవాబులున్నచోట నిజంగా పొరపాటు జరిగి ఉండవచ్చు. జవాబులు లేనిచోట ఆ మాటను ఒప్పుకోకూడదు.

పుదుచ్చేరి సముద్రతీరంలో డూప్లే విగ్రహం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికులకు స్మారకం ఉంది. 1748లో వీధిలో చనిపోయిన ముసలమ్మకు మిగిలింది ఆమెను చంపినవారి దేశస్థులు రాసిన ఆ ఒక్క ముక్క. అందులోనూ ఆమె పేరు లేదు.